నన్ను తప్ప అందర్నీ తిట్టిన మనిషి

పోయిన వారం మా రొయ్యల ప్లాంటులో ఉద్యోగుల ఆరోగ్య వారం జరిపారు. సరుకు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తారట, పనివాళ్ళ ఆరోగ్యం కోసం ఏం చేస్తున్నారని అడుగుతారట, అందుకని. విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చి, క్యాంటీన్లో తెల్ల తెర కట్టించి, బొమ్మలు వేసి చూపించింది. నీళ్ళు బాగా తాగాలి, ఒంటేలు ఆపుకోకూడదు, ఒకే కాలి మీద బరువు వేసి నిలబడకూడదు, పని అయ్యాక చేతులు ఆరబెట్టుకుని నూనె రాసుకోవాలి. పాపం, చక్కగానే చెప్పింది. చివర్లో "ఏమైనా డౌట్స్ ఉంటే అడగండమ్మా" అంది. వెనక వరసలోంచి నాగమణి లేచి, "డౌట్లేం లేవండి. ఇయ్యన్నీ అక్క మాకు ఎప్పుడో చెప్పింది. కాకపోతే తిట్టి చెప్పింది" అంది. క్యాంటీనంతా నవ్వు. ఆ నవ్వుల్లోనే ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అయినా ఇంకా ఆవిడే. విజయవాడ నుంచి తెర తెచ్చుకుని మరీ చెప్పిన మాట కూడా ఆవిడ మాటే అయి కూర్చుంది. ఆవిడ కంటే ముందు ఈ ప్లాంటులో చేరింది నేను. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం, పీలింగ్ హాల్లో సూపర్‌వైజరు. నా బల్ల పక్కనే ఆవిడ బల్ల. నన్ను అందరూ మేడం అంటారు. ఆవిడని అక్కా అనేవాళ్ళు. అలా పిలవమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఎక్కడో కలుక్కుమనేది. కుళ్ళు అంటే అదే, ఇంకో పేరు పెట్టి దాచుకోవడమెందుకు.

ఆ కుళ్ళుకి అసలు కారణం మా సుజాత. మా మరిది భార్య. పెళ్ళై మా ఇంటికి వచ్చినప్పుడు నోట్లో నాలిక లేని పిల్ల. నేనే దగ్గరుండి ప్లాంటులో పెట్టించాను, నా బల్ల దగ్గరే, నా కుడిపక్కనే నిలబెట్టుకుని పని నేర్పాను. ఆ పిల్లని ఆవిడ నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోవడమంటే చెయ్యి పట్టి లాక్కుపోవడం కాదు. అలా చేస్తే నేనూ రెండో చెయ్యి పట్టుకుని లాగేదాన్ని.

మా హాలు సంగతి కొంచెం చెప్పాలి. బంటుమిల్లి, ముదినేపల్లి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య ఐసులో పడి మా బల్లల మీదికి వస్తుంది. తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీద నల్ల నరం లాగి బేసిన్లో వేయాలి. పొద్దున్నే కంపెనీ బస్సులో వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం దాకా నిలబడే చేస్తారు. ఎవరు ఎంత ఒలిస్తే వాళ్ళకి అంత. మధ్యలో బయటికి వెళ్ళాలంటే మూతిగుడ్డ, టోపీ, ఏప్రాను, గమ్‌బూట్లు అన్నీ విప్పాలి. మళ్ళీ లోపలికి రావాలంటే అన్నీ తొడుక్కుని, చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచి, బూట్లతో సహా కాళ్ళు ఇంకో తొట్టెలో ముంచి, ఒంటి మీద వెంట్రుక ఉందేమోనని జిగురు రోలరు దొర్లించుకుని రావాలి. ఈలోపు పక్కావిడ బేసిన్ నిండిపోతుంది. అందుకని పొద్దున్న బస్సెక్కింది మొదలు మా వాళ్ళెవరూ మంచినీళ్ళు ముట్టరు. తాగితే వెళ్ళాలి, వెళ్తే వెనకబడాలి. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెవిలో చెప్పే రహస్యం. నాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను. నెలనెలా అందరికంటే ఎక్కువ ఒలిచిన బల్లకి కంపెనీ వాళ్ళు హాట్‌బాక్సులు ఇస్తారు. అవి మా బల్లకే వచ్చేవి. మా వీధిలో సగం ఇళ్ళలో అన్నం వాటిల్లోనే ఉంటుంది.

ఇంతలో ఆవిడ వచ్చింది. నందివాడ దగ్గర ఊరు. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. గొంతు మాత్రం మనిషి కంటే రెండింతలు. చర్చిలో పాటలెత్తుకునే గొంతు అది, మైకు అక్కర్లేదు. చేరిన మొదటి రోజే హాలు గుమ్మంలో నిలబడి, అందరూ చూస్తుండగా పెద్ద చెంబుడు నీళ్ళు గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, లోపలికి వచ్చి, "ఇంకో గంటకి నేను బయటికి వెళ్తాను. ఈ బల్ల బల్లంతా నాతో రావాలి. అందుకని ఇప్పుడే అందరూ వెళ్ళి నీళ్ళు తాగి రండి" అంది.

"పనాగిపోద్ది కదండి, రొయ్య పాడైపోద్దేమో" అంది ఒకామె.

"ఐసులో ఉన్నదానికి ఏమవుద్దే? అదెక్కడికీ పారిపోదు, చచ్చింది. బతికున్నది మీరు. ముందు మీ సంగతి చూసుకోండి."

అందరూ కలిసి వెళ్తే ఎవరూ ఎవరికంటే వెనకబడరు. ఇంత చిన్న విషయం. అంతకుముందు మా హాల్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. తట్టలేదన్నందుకు నాకు ఇప్పుడు కూడా ఒళ్ళు మంటే. బల్లంతా గుంపుగా లేచి, గమ్‌బూట్లు టపటపలాడించుకుంటూ, నవ్వుకుంటూ బయటికి వెళ్తుంటే, నా బల్ల వాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. నేను గొంతు సవరించుకునేదాన్ని. తలలు దిగేవి.

మేనేజరు పిలిపించి అడిగితే, "ఒక్కరోజు మీరు మాతో పొద్దుట్నుంచి నిలబడి, ఎక్కడికీ వెళ్ళకుండా ఉండి చూపించండి సార్. రేపట్నుంచి నేనే ఆపేయిస్తా" అందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనైతే ఆయన ముందు అలా మాట్లాడగలనా? లేను. అదీ ఒక కుళ్ళే.

హాట్‌బాక్సు ఆవిడ బల్లకి ఎప్పుడూ రాలేదు. ప్రతి నెలా రెండోదే. రెండోది వచ్చినందుకు కాస్తయినా మొహం చిన్నబోవాలి కదా, అదీ లేదు. "మేడం గారి బల్ల మళ్ళీ కొట్టేసింది, చప్పట్లు కొట్టండే" అని వాళ్ళ చేత చప్పట్లు కొట్టించేది. గెలిచింది మేము, సంబరం వాళ్ళది. ఇలాంటి మనిషితో పోటీ ఎలా పడతాం?

ఆవిడ పలకరింపంటే తిట్టే. ఎవరైనా ఎదురుపడితే చాలు, చెయ్యి లాక్కుని తిరగేసి చూసేది, గాజులమ్మే ఆవిడ సైజు చూసినట్టు. రోజంతా ఐసులో, క్లోరిన్లో నాని వేళ్ళ సందులు పాచిపోయి ఉంటాయి మాకు. "ఇది చెయ్యా, నానబెట్టిన చింతపండా? నూనె రాసుకోమన్నానా లేదా? మీ ఆయనకి పనికొచ్చే చేతులు నీకు అక్కర్లేదా?" అని అరిచేది. అరుస్తూనే బ్యాగులోంచి కొబ్బరినూనె సీసా తీసి తనే రాసేది. నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒకామె కాళ్ళు వాచిపోయి ఉంటే, "నీ కాళ్ళు నీకు బరువయ్యాయా" అని తిట్టి, ఖాళీ ప్లాస్టిక్ క్రేటు బోర్లించి బల్ల కింద పెట్టింది. "ఒక కాలు దీని మీద. కాసేపయ్యాక ఇంకోటి. రెండూ కింద పెట్టావో, చూడు." ఆ తర్వాత బల్ల పొడుగునా క్రేట్లు వచ్చాయి. మొగుడితో గొడవైందని ఎవరైనా ఏడుస్తూ వస్తే, కష్టమేమిటో కూడా వినకుండా ముందు పొద్దున ఏం తిన్నావని గద్దించేది.

తిట్లు తిన్నవాళ్ళ మొహాలు చూడాలి. పండగ బట్టలు కట్టుకున్నట్టు వెలిగిపోయేవి. "ఇయ్యాల అక్క నన్ను ఎన్ని మాటలందో" అని బస్సులో ఒకళ్ళకొకళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చునేదాన్ని. నేనూ అరుస్తాను, నిజానికి ఆవిడ కంటే ఎక్కువే. నా అరుపుల గురించి బస్సులో ఎవరూ చెప్పుకోలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేరే మనిషి. "పద్మ గారూ, భోంచేశారా అండి? మీ బాబు పరీక్షలు ఎలా రాశాడండి?" అంతా అండీలూ గారులే. కలెక్టరాఫీసుకి వచ్చిన మనిషిలాగా. మొదట్లో నాకు బాగానే ఉండేది. నా స్థాయి తెలిసిన మనిషి అనుకునేదాన్ని.

ఒకరోజు సుజాత బల్ల దగ్గర నిలబడే వణికిపోతోంది. ఐసు చలేమో అనుకున్నాను. స్వెట్టరు వేసుకు రమ్మంటే వినవని కసిరాను కూడా. పక్క బల్ల నుంచి ఆవిడ వచ్చి, సుజాత చెయ్యి పట్టుకుని, చెవిలో ఏదో అడిగింది. సుజాత తల వంచుకుని చెప్పింది. "ఎన్నాళ్ళ నుంచే? నోరు లేదా నీకు?" అని నెత్తి మీద ఒక్కటి మొట్టి, నా వైపు తిరిగి, "పద్మ గారూ, ఈ అమ్మాయిని గుడివాడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నానండి, ఏమీ అనుకోకండి" అని ఆటో పిలిపించింది. ఆ పూట సెలవు పెట్టుకుని వెళ్ళింది. నీళ్ళు తాగక, ఆపుకుని ఆపుకుని ఇన్‌ఫెక్షను లోపల కిడ్నీల దాకా వెళ్ళిందట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చేదన్నారట.

సుజాతా నేనూ ఒక ఇంట్లో ఉంటాం. ఒక గిన్నెలో వండుకుంటాం. నాకు చెప్పని మాట ఆవిడకి చెప్పింది. దీని మీద నేను ఎంత రగిలిపోయానో చెప్పలేను. పిల్లకి జబ్బు చేసిందన్న బాధ కంటే, చెప్పింది ఆవిడకి అన్న బాధే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఒంటేలుకి వెళ్ళినప్పుడు సుజాతకున్న మంట నాకూ ఉంది. ఎప్పట్నుంచో ఉంది. నేను మాత్రం ఎవరికి చెప్పుకోను? సూపర్‌వైజర్ని, ఇంటికి పెద్దకోడల్ని.

జబ్బు తగ్గి వచ్చాక సుజాత ఆవిడ బల్లకి మారతానంది. ఇంట్లో, అంట్లు తోముకుంటూ చెప్పింది.

"నా దగ్గర నీకేం తక్కువైంది?" అన్నాను.

"తక్కువేం లేదక్కా. మీరంటే నాకు భయం. భయంతో చెప్పలేకపోయాను."

"ఆవిడ నాకంటే పెద్ద నోరేసుకుని తిడుతుందిగా. ఆవిడంటే భయం లేదా?"

సుజాత తోముతున్న గిన్నె కింద పెట్టింది. "ఆవిడ తిడితే నా గురించి తిట్టినట్టుంటది. మీరు తిడితే రొయ్య గురించి తిట్టినట్టుంటది" అంది. అని, గిన్నెలు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నా కుడిపక్కన వేరే ఆమె.

ఆ పిల్లని మళ్ళీ నా బల్లకి తెచ్చుకోవాలని పంతం పట్టాను. ఆవిడ చేసినవన్నీ నేనూ చేయడం మొదలుపెట్టాను. ఆవిడ చెంబు పెడితే నేను చల్లటి నీళ్ళ క్యాను తెప్పించాను. పదిన్నర కాగానే "అందరూ నీళ్ళు తాగండి" అన్నాను. లేచి వరసగా వెళ్ళి, కషాయం తాగినట్టు తాగి వచ్చారు. ఒకామె "ఇంకో గ్లాసు కూడా తాగాలాండి మేడం?" అని అడిగింది. కొబ్బరినూనె కాదని, బందరులో మంచి కంపెనీది క్రీము కొని పెట్టాను. ఎవరూ మూత తీయలేదు. ఖరీదైంది కదా, తనిఖీ వాళ్ళకి చూపించడానికేమో అనుకున్నారట. ఇవన్నీ పక్క బల్ల నుంచి సుజాత చూసింది. చూసి నవ్వినా బాగుండేది. జాలిపడింది.

సిగ్గు విడిచి ఇంకొకటి కూడా చెప్తాను. ఒక సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో నేనూ ఆవిడా మిగిలాం. నా చేతులు అప్పటికి బాగా పగిలి ఉన్నాయి. ఆవిడ ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాను. కావాలనే పెట్టుకున్నాను. లాక్కుంటుందేమో, ఒక్క తిట్టు తిడుతుందేమో అని చూశాను. తిట్టి ఉంటే మంట సంగతి కూడా చెప్పేసేదాన్ని. నోటి చివరే ఉంది మాట. ఆవిడ నా చేతుల వైపు చూసింది. "గాజులు బాగున్నాయండి పద్మ గారు. చిలకలపూడివాండి? బంగారానివే అనుకుంటారు ఎవరైనా" అంది. అవునండి అన్నాను. చేతులు తీసేసుకున్నాను.

బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మిమ్మల్ని చూస్తే నాకు ధైర్యంగా ఉంటదండి. మీరు గట్టివాళ్ళు. మీకెవ్వరూ ఏమీ చెప్పక్కర్లేదు" అంది. మనస్ఫూర్తిగానే అంది. అలాంటి మనిషిని ఏమని కసురుకుంటాం?

పోయినేడాది ఒక ఆదివారం, ఆరాధన అయ్యి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు. సోమవారం హాల్లో రొయ్య అలాగే ఐసులో ఉండిపోయింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. మేనేజరు కూడా ఎవరినీ ఏమీ అనలేదు.

కొన్నాళ్ళకి వాళ్ళ ఊళ్ళో ఆదరణ కూడిక పెట్టారు. కంపెనీ బస్సులోనే అందరం వెళ్ళాం. షామియానా కింద కుర్చీలు, ముందు బల్ల మీద ఆవిడ ఫొటో. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఎవరైనా నాలుగు మాటలు చెప్పండన్నారు. ఒక్కొక్కళ్ళే లేచారు. "నా చేతులు చూసి ఇంత మాటందండి." "నన్ను కొట్టినంత పని చేసి ఆస్పత్రికి పంపిందండి." "అమ్మ కూడా నన్నలా తిట్టలేదండి." తిట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పి ఏడుస్తున్నారు. ఎవరి తిట్టు వాళ్ళు భద్రంగా దాచుకున్నారు. సుజాత కూడా లేచింది. నెత్తి మీద మొట్టిన చోటు చూపించి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆవిడని చూసి కుళ్ళుకున్నాననుకున్నాను. కాదు. ఆవిడ చేత తిట్లు తిన్న వీళ్ళందర్నీ చూసి కుళ్ళుకున్నాను.

"పక్క బల్ల సూపర్‌వైజరు గారట, మీరు కూడా మాట్లాడండమ్మా" అన్నారు పాస్టరు గారు. లేచాను. చెప్పడానికి ఒక్క తిట్టు లేదు నా దగ్గర. "ఆవిడ నన్ను ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదండి" అన్నాను. కూర్చున్నాను.

అందరూ తలలూపారు. ఎంత గౌరవమో చూడండని ఎవరో అన్నారు. పాస్టరు గారు దేవునికి స్తోత్రం అన్నారు. నా మాట పొగడ్త కాదు, ఫిర్యాదని వాళ్ళకెవరికీ తెలియలేదు.

సుజాత ఒక్కతే తల ఊపలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఎన్నాళ్ళ తర్వాతో, వచ్చి నా పక్కన కూర్చుంది. గుడివాడ దాటాక, "మీ ఒంట్లో ఎలా ఉందో ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా అక్కా?" అని అడిగింది.

"అడిగితేగా చెప్పడానికి."

"మరి నేనిప్పుడు అడుగుతున్నాగా."

నేను కిటికీ వైపు తిరిగాను. సుజాత మళ్ళీ అడగలేదు, అలాగని లేచి పోలేదు కూడా. అప్పుడు చెప్పాను. మంట గురించి చెప్పాను, నడుం నొప్పి గురించి చెప్పాను, రెండుసార్లు ఎర్రగా పడిన సంగతి కూడా చెప్పాను. చిన్న గొంతుతోనే చెప్పాను, వెనక సీట్ల వాళ్ళకి వినపడకుండా.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది సుజాత.

"నువ్వు ఆ బల్లకి మారక ముందు నుంచి."

సుజాత సీట్లో పూర్తిగా నా వైపు తిరిగింది. తర్వాత మొదలుపెట్టింది. మా ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో నా ముందు గొంతు పెంచని పిల్ల, బస్సు బస్సంతా తిరిగి చూసేలా అరిచింది. "మీకసలు బుద్ధుందా? ఒకింట్లో ఉంటూ, నా ఎదురుగా తిరుగుతూ, రక్తం పడుతుంటే కడుపులో పెట్టుకుని కూర్చుంటారా? చదువుకున్నారెందుకు? రేపు పనీ లేదు గినీ లేదు, పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి. నేనే తీసుకెళ్తా. రానన్నారంటే చూడండి ఇక."

డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. నా బల్ల వాళ్ళు చూశారు, ఆవిడ బల్ల వాళ్ళు చూశారు. సూపర్‌వైజర్ని అందరి ముందూ తోడికోడలు అలా దులిపేస్తుంటే ఆపాలి కదా, నేను ఆపలేదు. బంటుమిల్లి వచ్చేదాకా తిట్టింది. రోడ్డు ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపించింది.